జేబులో లైటరు

ఓదెలు గురువమ్మ కాళ్లకు మొక్కుతుంటే చొక్కా జేబులోంచి గ్యాసు లైటరు జారి ఆమె పాదం మీద పడింది.

పున్నమి భజనకు వచ్చినవాళ్లం అక్కడే చాపల మీద కూర్చుని ఉన్నాం. పెన్నో, చిల్లరో పడితే ఎవరం పట్టించుకునేవాళ్లం కాదు. బస్సు కండక్టరు జేబులో వంటింటి లైటరు ఏమిటని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

గురువమ్మ నేల తడిమి దాన్ని అందుకుంది. అటూ ఇటూ తిప్పి టక్కుమని నొక్కింది.

"పొయ్యి ముట్టిచ్చేది నీ జేబుల ఎందుకున్నది రా?"

మేమంతా నవ్వాం. ఓదెలు నవ్వలేదు.

"ఇంట్ల ఉంచితే అవ్వ పొయ్యి ముట్టిస్తది గురువమ్మా. గందుకే డ్యూటీకి పోయినా ఎంట తీస్కపోతున్న."

"మరి మీ ఇంట్ల చాయ్ ఎట్ల కాస్తరు?"

"స్వరూప పక్కింట్లకెల్లి అగ్గిపెట్టె తెచ్చుకుంటున్నది" అన్నాడు ఓదెలు, తల దించుకుని.

ఓదెలు గురించి ఒక మాట చెప్పాలి. మా గురువమ్మ మాణికవ్వ అచలబోధ, అంటే కదలని పరతత్వం గురించిన బోధ, చెబుతుంది. చెబుతుందంటే, నెలకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ నాలుగు మాటలను నలభై చేసి మాకు అర్థం విప్పి చెప్పేది ఓదెలే. తత్వం పాట ఎత్తుకున్నాడంటే వీధి చివర దాకా వినపడాలి. బస్సులో ఫుట్‌బోర్డు మీద నిలబడి చివరి సీటువాడికి వినపడేట్టు అరవడం ఆయన ఉద్యోగం కదా, అదే గొంతు భజనలోనూ, అదే గొంతు ఇంట్లోనూ. మనిషి మాత్రం మంచివాడు, అది కూడా చెప్పకపోతే పాపం.

జరిగింది ఇది. ఓదెలు తల్లి రాజవ్వకు చూపు మందగించింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇక లాభం లేదన్నారు. ఆమె మాత్రం ఒప్పుకోదు. పొయ్యి దగ్గరికి ఇంకొకరిని రానివ్వదు. పోయిన వారం మనవరాలు చిట్టికి మురుకులు చేద్దామని మూకుట్లో నూనె పోసి, పొయ్యి మీద పెట్టి, మురుకుల గొట్టం వెతుక్కోవడానికి పక్క గదిలోకి పోయింది. గొట్టం కనపడలేదు. వెతుకుతూ ఉండిపోయింది. నూనె పొగలు కక్కి అంటుకుంది. రాజవ్వ పరుగున వచ్చి చెంబుడు నీళ్లు కుమ్మరించింది.

కాగే నూనెలో నీళ్లు పడితే ఏమవుతుందో వంట చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. మంట భగ్గున పైకప్పు దాకా లేచింది. చిట్టి ఆ పొయ్యిగద్దె కిందే కూర్చుని గిన్నెలతో ఆడుకుంటోంది. ఓదెలు భార్య స్వరూప పెరట్లోంచి ఉరికి వచ్చి, పిల్లను అవతలకు లాగి, గ్యాసు కట్టేసి, పెద్ద పళ్లెం తెచ్చి మూకుడు మీద బోర్లించింది. గాలి ఆడక మంట చచ్చింది. పిల్లకు ముంగురులు కమిలాయి. రాజవ్వ చేయి బొబ్బలెక్కింది. అంతటితో పోయింది కాబట్టి ఇప్పుడు కూర్చుని చెప్పుకుంటున్నాం.

మర్నాడు ఓదెలు డ్యూటీకి పోతూ చెప్పులు వేసుకుని, గడప దగ్గర నిలబడి, "అవ్వా, ఇగ నువ్వు పొయ్యి కాడికి పోవద్దు!" అని ఒక్క అరుపు అరిచి వెళ్లిపోయాడు. రాజవ్వ ఉలకలేదు. సాయంత్రం ఆయన నూనె డబ్బా అటక మీదికి ఎక్కించాడు. రాజవ్వ గిన్నెలో మిగిలిన నూనెతో ఉల్లిగడ్డ వేయించింది. ఓదెలు వరంగల్లులో ఉన్న అక్కకు ఫోన్ చేసి, నువ్వన్నా చెప్పు అన్నాడు. అక్క చెప్పింది. రాజవ్వ ఫోన్ పెట్టేసి అన్నం మానేసింది. అప్పుడు లైటరు ఓదెలు జేబులోకి ఎక్కింది.

"ఇయ్యాల మూట కట్టుకున్నది గురువమ్మా" అన్నాడు ఓదెలు. "నా చేతి కూడు పనికిరాని ఇంట్ల నేనెందుకు, తెల్లారి బస్సుకు మా తమ్ముని ఊరికి పోత అన్నది. అక్కడ ఆమెను జూసేటోళ్లు ఎవరున్నరు? పోనిస్తే అట్ల. ఉంచుకుందమంటే మల్ల ఒకనాడు ఇల్లంతా అంటుకుంటది. చిట్టి యాదికొస్తే నాకు అన్నం సహిస్తలేదు."

తెల్లారి బస్సుకు టికెట్టు కొట్టేది ఈయనే కదా అని మాలో ఎవరో మెల్లగా అన్నారు. గురువమ్మ అటు తల తిప్పింది.

"అవ్వ మనసు నొవ్వకుండ చెప్పే మాట ఒక్కటి చెప్పు గురువమ్మా. ఊరందరికి చెప్పే బోధ నా ఇంట్ల అక్కరకొస్తలేదు."

గురువమ్మ లైటరు పట్టుకుని లేచింది.

"మాట నా తాన లేదు గని, లోపల గారెల పనున్నది. చేస్తవా?"

ఓదెలు ఏళ్ల తరబడి ఆ ఇంటికి వస్తున్నాడు కానీ, ముందు గది దాటి లోపలికి పోయిన మనిషి కాదు. వంటింటి గుమ్మం దగ్గర విస్తరాకులు తుడిచే పని నాది కాబట్టి, తర్వాత జరిగిందంతా నా కళ్లతో చూశాను.

గురువమ్మ కోడలు పుష్ప పొయ్యి ముందు ఉంది. "లేవు బిడ్డా, ఇయ్యాల ఓదెలు కాలుస్తడు" అంది గురువమ్మ. పుష్ప కొంగుతో మూతి తుడుచుకుని లేచింది, ముసిముసిగా నవ్వుతూ.

గురువమ్మ కాస్త ఎడంగా పీట మీద కూర్చుంది. ముందు బొబ్బర్ల పిండి గిన్నె. చేతిలో నూనె రాసిన మోదుగాకు. ముద్ద తీసుకుని ఆకు మీద ఒత్తి, మధ్యలో వేలితో చిల్లి పెట్టి, ఆకును అలాగే ఓదెలుకు అందించింది.

ఓదెలు కాగుతున్న మూకుడు చూశాడు. పోయిన వారం సంగతి గుర్తుకొచ్చిందేమో, ఒక అడుగు వెనక్కి వేశాడు. చేయి ఎంత సాగుతుందో అంతా సాచి, మొహం పక్కకు తిప్పుకుని, పైనుంచి గారెను వదిలాడు. అది ధబ్బున నూనెలో పడింది. నూనె చిమ్మి ఆయన మణికట్టు మీద పడింది.

"అబ్బా!"

పుష్ప పక్కున నవ్వింది. "అన్నా, బాయిల రాయి ఏసినట్టు ఏస్తివి గద!"

రెండో గారెకు ఓదెలు ఇంకా వెనక్కి జరిగాడు. ఈసారి గారె మూకుడు అంచుకు తగిలి సగం లోపల, సగం బయట పడింది. నూనె ఆయన కాలి మీదికీ చిమ్మింది. ఒంటికాలి మీద గెంతుతుంటే నాకూ నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను.

"నన్ను వదిలెయ్యి గురువమ్మా, ఇది నా పని కాదు. ఎంత దూరం జరిగినా చిమ్ముతనే ఉన్నది."

గురువమ్మ పీట మీంచి లేచింది. గోడ పట్టుకుని వచ్చి, కొంగుతో ఓదెలు చేతి తడి తుడిచింది. మూడో గారె ఉన్న ఆకును ఆయన అరచేతిలో పెట్టి, మణికట్టు పట్టుకుని ముందుకు లాగింది. ఓదెలు బిగుసుకుపోయాడు. ఆమె వదల్లేదు. ఆకు అంచు నూనెకు తగిలీ తగలనంత దగ్గరికి చేయి తీసుకుపోయింది.

"సెగ తాకుతున్నదా?"

"తాకుతున్నది."

"తాకనియ్యి. ఇగ ఒంచు."

ఓదెలు ఆకు వంచాడు. గారె అంచు మీదుగా జారి నూనెలోకి పోయింది. సుయ్యిమంది, అంతే. ఒక్క చుక్క కూడా పైకి లేవలేదు.

ఓదెలు తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత గురువమ్మ వైపు చూశాడు. ఆమె గోడ తడుముకుంటూ వెనక్కి పోయి, చేత్తో వెతుక్కుని పీట మీద కూర్చుంది. పిండి గిన్నె అంచును వేళ్లతో పట్టుకుని ముద్ద తీసింది. ఆకు మధ్య ఎక్కడో బొటనవేలితో కొలుచుకుని ఒత్తింది. వంటింట్లో మసలే మాకెవరికీ కొత్త కాదు ఇది. ముందు గది దాటని ఓదెలుకు కొత్త.

"గురువమ్మా, నీకు గుడ చూపు ఆన్తలేదా?"

"ఆన్తలేదు."

"పొయ్యి కాడ కూసునుడు ఎప్పుడు బందు చేసినవు?"

"పుష్ప చెప్పిన నాడు."

"ఎట్ల చెప్పింది?"

గురువమ్మ తన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని చూపింది. పుష్ప విస్తళ్లు సర్దే నెపంతో నా పక్కకు వచ్చి కూర్చుంది, కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే.

ఈ మాటల్లో పడి ఓదెలు మూకుడు సంగతి మరిచిపోయాడు. గారె నల్లబడుతోంది, నూనె పొగ లేస్తోంది. గురువమ్మ ముక్కుపుటాలు అదిరాయి. అందరికంటే ముందు ఆమెకే తెలిసింది. అయినా చేయి పొయ్యి వైపు పోలేదు. ఒడిలోనే పెట్టుకుంది.

"ఓదెలూ, పొయ్యి తగ్గియ్యి బిడ్డా. కాగే నూనెను ఇడిచి పక్కకు జూడొద్దు."

ఆయన గబుక్కున తగ్గించాడు. మాడిన గారెను తీసి పక్కన పెట్టాడు. ఆమె ఇంకో ఆకు అందించింది. ఆయన అందుకున్నాడు. ఆ తర్వాత అదే వరస. ఆమె ఒత్తి ఇవ్వడం, ఆయన దగ్గరికి వంగి జార్చడం. గంప నిండింది.

భజన మొదలుకాకముందే ఓదెలు బయలుదేరాడు. తత్వం ఎత్తే మనిషి పోతుంటే మాకు తోచలేదు, ఆగమన్నాం. ఆగలేదు. గురువమ్మ వాకిట్లోకి వచ్చి లైటరు ఆయన చేతిలో పెట్టింది.

"ఇది జేబుల ఉండేది కాదు" అంది.

తర్వాతి సంగతి స్వరూప మా ఇంటామెకు చెప్తే విన్నది.

పొద్దు గూకుతుండగా ఓదెలు ఇల్లు చేరాడట. రాజవ్వ అరుగు మీద కూర్చుని ఉంది, పక్కన మూట. ఆయన అలవాటు ప్రకారం గడప దగ్గర నిలబడి నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. చెప్పులు విడిచాడు. వచ్చి తల్లి పక్కన మోకాలు మోకాలు తగిలేట్టు కూర్చున్నాడు. ఆమె జరిగింది. ఆయనా జరిగాడు. ఆమెకు ఇక జరగడానికి అరుగు లేదు.

బొబ్బలెక్కిన చేతిని తీసి తన ఒడిలో పెట్టుకున్నాడు.

"నొస్తున్నదా?"

"నీకెందుకు?"

"అవ్వా, నీకు చూపు ఆన్తలేదు." బస్సు చివర దాకా వినపడే ఆ గొంతు లోపల వంటింట్లో ఉన్న స్వరూపకు సరిగ్గా వినపడలేదట, గుమ్మం దాకా రావలసి వచ్చింది. "పొయ్యి కాడ నిన్ను జూస్తే నాకు భయమైతున్నది. చిట్టికే కాదు, నీకేమన్న అయితదని."

రాజవ్వ మొహం తిప్పుకుంది. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"నాకు తెల్వదారా?" అంది. "మంట లేసినప్పుడు పిల్ల నవ్వు ఇనవడ్డది. ఏడున్నదో కనవడలే. గంత మంట పక్కన నిలవడి, నా మనుమరాలు ఏడున్నదో నాకే కనవడలే. ఆ దినంకెల్లి నాకు కంటి మీద కునుకు లేదు."

"మరి నాతోని ఎందుకు చెప్పలేదే?"

"ఎవరితోని చెప్పాలె? గడప కాడ నిలవడి ఒర్రిపోతివి. చెప్పులు గుడ ఇడువకపోతివి."

ఓదెలు ఏడ్చాడు. స్వరూప అది కూడా చెప్పింది, దాచలేదు. ఏడ్చి, మొహం తుడుచుకుని, జేబులోంచి లైటరు తీసి తల్లి అరచేతిలో పెట్టాడు. ఏం చెయ్యమనీ అనలేదు.

రాజవ్వ దాన్ని కాసేపు తడిమి చూసుకుంది.

"స్వరూపా, ఇటు రా బిడ్డా. దీన్ని నువ్వు వెట్టుకో."

స్వరూప అందుకుంది.

"రేపు ఇన్ని బొబ్బర్లు నానవెయ్యి. గారెలు నేను ఒత్తి ఇస్త, నువ్వు కాలుద్దువు. పిల్లను మాత్రం నా ఒళ్లె కూసోవెట్టు, పొయ్యి కాడికి రానియ్యొద్దు."

ఓదెలు నోరు తెరుచుకుని తల్లినే చూస్తూ ఉండిపోయాడు. గురువమ్మ వంటింటి సంగతి ఆయన ఒక్క ముక్క కూడా చెప్పలేదు మరి.

"ఏం జూస్తున్నవు రా?" అంది రాజవ్వ, ఆయన చూస్తున్నట్టు ఎట్లా తెలిసిందో ఏమో. "ఆ మూట తీసి లోపల వెట్టు."