పెద్దయ్యగారి పళ్ళెం

అనగనగా ఒక ఊళ్ళో... మన ఊళ్ళో కాదులే బంగారూ, సముద్రాలవతల ఇంగ్లండు దేశంలో, కోటలూ కత్తులూ ఉన్న కాలంలో ఒక మఠం ఉండేది. ఏసుప్రభువుని కొలిచే సన్యాసులు ఉండేవాళ్ళు అందులో. వాళ్ళందరికీ ఒక పెద్ద. ఆయన్ని పెద్దయ్యగారు అనేవాళ్ళు. కాళ్ళు ఆడించకు, దుప్పటి జారిపోతోంది.

ఆ మఠంలో భోజనాల దగ్గర ఒక వింత నియమం. తినేటప్పుడు మాట్లాడకూడదు. అది సరే, నీకూ రోజూ చెప్తూనే ఉన్నాను, వింటేగా. అసలు వింతేంటంటే, నాకిది కావాలి అని ఎవ్వరూ అడగకూడదు. పక్కవాడి పళ్ళెంలో ఏం తక్కువైందో చూసి వాడి కోసం వీడు చెయ్యెత్తాలి, వీడి కోసం వాడెత్తాలి. అందుకని ఆ బల్లల దగ్గర ఎవరి కడుపూ మాడేది కాదు.

అక్కడ ఓస్బర్టు, హ్యూబర్టు అని ఇద్దరు స్నేహితులు. ఒకే బల్ల, పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. హ్యూబర్టు పుష్టిగా తినే మనిషి. ఒక్క రొట్టె ఆయనకి ఏ మూలకి? అందుకని ఓస్బర్టు రోజూ చెయ్యెత్తి ఆయనకి రెండో రొట్టె వేయించేవాడు.

అప్పట్లో పెద్దయ్యగారు ఆల్డ్రిక్కు అనే ముసలాయన, మహా నిష్ఠాపరుడు. ఈస్టరు ముందు ఉపవాసాలు వచ్చాయి. ఆయన వంటాయన్ని పిలిచి, తను మళ్ళీ చెప్పేదాకా పెద్దయ్యగారి పళ్ళెంలో ఒక ఎండు రొట్టెముక్క, పక్కన చెంబుడు నీళ్ళు, అంతే పెట్టమన్నాడు. ఆ తర్వాత ఉపవాసాలు పూర్తికాకుండానే ఆయన కన్నుమూశాడు. ఇంక మళ్ళీ ఎక్కడ చెప్తాడు?

అప్పుడు అందరూ కలిసి హ్యూబర్టుని పెద్దయ్యగారిని చేశారు. పెద్దయ్యగారు అందరితో కలిసి కూర్చోకూడదు. గోడవారగా ఎత్తైన అరుగు ఉంటుంది, దాని మీద కుర్చీలో ఒక్కడే కూర్చోవాలి. కిందవాళ్ళకి ఆయన పళ్ళెంలో ఏముందో కనపడదు.

ఆ తర్వాత హ్యూబర్టు చిక్కిపోవడం మొదలుపెట్టాడు. బుగ్గలు పోయాయి. చొక్కా వదులైంది. అందరూ ఔరా, ఎంత నిష్ఠ అనుకున్నారు. పెద్దరికం రాగానే మావాడికి తిండి మీద ధ్యాసే పోయిందే అని ఓస్బర్టు కూడా మురిసిపోయాడు.

ఆ చలికాలం హ్యూబర్టుకి జ్వరం తగిలింది. ఒంట్లో సత్తువ ఉంటేగా తట్టుకోడానికి? ఓస్బర్టు మంచం పక్కనే కూర్చున్నాడు. హ్యూబర్టు స్నేహితుడి చెయ్యి పట్టుకుని, "ఇవాళ వంటేంటి?" అని అడిగాడు. పాపం, జ్వరంలో ఏదో అంటున్నాడనుకున్నాడు ఓస్బర్టు. తెల్లారేసరికి హ్యూబర్టు లేడు.

అప్పుడు ఓస్బర్టునే పెద్దయ్యగారిని చేశారు. మొదటి రోజు అరుగెక్కి కూర్చుని పళ్ళెంలోకి చూస్తే ఏముంది? ఒక ఎండు రొట్టెముక్క. నిర్ఘాంతపోయాడు. మర్చిపోయారేమోలే అనుకున్నాడు. రెండో రోజూ అదే ముక్క. అడుగుదామని నోటిదాకా వచ్చింది గానీ, అడగకూడదన్న నియమం పెద్దవాడే తప్పితే ఎలా? మూడో రోజూ అదే. కడుపులో పేగులు అరుస్తున్నాయి. కింద చూస్తే బఠాణీల పులుసు పొగలు కక్కుతోంది, ఒకరి కోసం ఒకరు చేతులెత్తుతున్నారు. తన కుడిపక్కన చూశాడు, గోడ. ఎడమపక్కన చూశాడు, ఎవరూ లేరు.

అప్పుడు తెలిసిందమ్మా ఆయనకి. హ్యూబర్టు కూడా ఇక్కడే, ఇలాగే కూర్చున్నాడు. తను ఎదురుగా కూర్చుని శుభ్రంగా తిన్నాడు.

భోజనాలయ్యాక తిన్నగా వంటింటికి వెళ్ళాడు. తన సంగతి ఎత్తకుండా, హ్యూబర్టుగారు కూర వద్దన్నారా అని వంటాయన్ని అడిగాడు. లేదండీ, ఆల్డ్రిక్కుగారు చెప్పిందే, మార్చమని మళ్ళీ ఎవరూ చెప్పలేదు అన్నాడాయన. అంటూండగానే ఆయనకీ విషయం అర్థమైంది. చేతిలో గరిటె కిందపడింది.

మర్నాడు భోజనాల వేళ ఓస్బర్టు తన పళ్ళెం తీసుకుని అరుగు దిగాడు. అందరూ బిత్తరపోయి చూస్తున్నారు. ఏ పెద్దయ్యగారూ ఏనాడూ అలా దిగలేదు మరి. ఆయన నేరుగా పాత బల్ల దగ్గరికి వెళ్ళి, ఒకప్పుడు హ్యూబర్టు కూర్చునే చోట కూర్చున్నాడు. పక్కన గిల్బర్టు అనే ఆయన ఉన్నాడు. పళ్ళెంలోకి తొంగిచూశాడు. సైగ చెయ్యాలి కదా, ఆ సంగతే మర్చిపోయి పైకి అనేశాడు.

"పెద్దయ్యగారికి తినడానికేం లేదు."

ఓస్బర్టు కళ్ళనిండా నీళ్ళు.

"హ్యూబర్టుకీ లేదు. నేను చూడలేదు," అన్నాడు.

అందరి తలలూ అరుగు మీది ఖాళీ కుర్చీ వైపు తిరిగాయి. ఎంత నిష్ఠ అని మెచ్చుకున్నవాళ్ళంతా వాళ్ళే కదూ. ఆ రోజు ఎవరికీ ముద్ద దిగలేదు.

ఆ తర్వాత ఆ మఠంలో ఏ పెద్దయ్యగారూ అరుగెక్కి తినలేదు. కానీ ఆ కుర్చీ ముందు రోజూ పళ్ళెం నిండా వడ్డించేవాళ్ళు, రెండు రొట్టెలు వేసి. తర్వాత దాన్ని గుమ్మం దగ్గర ఆకలితో నిలబడ్డవాళ్ళకి ఇచ్చేవాళ్ళు. ఆ రెండో రొట్టె మాత్రం ఓస్బర్టే స్వయంగా వేసేవాడు, ముసలివాడై చేతులు వణికేదాకా.

ఏడుస్తున్నావా? రా, దగ్గరికి రా.

కథ వెళ్ళె కంచికి, నిద్దరొచ్చె కంటికి,
మనమొస్తిమి ఇంటికి,
పక్క కంచం చూశాకే
చెయ్యి మన కంచానికి.