మస్తాన్ గట్టు

నాగభూషణాచారిగారికి ఒక అలవాటు ఉంది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు చేతిలో పని పూర్తి చేస్తారు. ఆయన వడ్రంగి. గురువారం సాయంత్రాలు ఆయన కొట్టంలో గోనెపట్టాలు పరుచుకుని పదిమంది శిష్యులు కూర్చుంటారు. జీవుడనీ మాయ అనీ కాగితం మీద రాసుకొచ్చినవాళ్ళు కూడా ఆయన మంచం కోడు చిత్రిక పట్టేదాకా ఆగాల్సిందే. ఈలోగా సగంమంది తమ ప్రశ్న తమకే వెలితిగా తోచి, కాగితం మడిచి జేబులో పెట్టేసుకుంటారు. మిగిలిన సగానికి ఆయన జవాబు చెప్పేది కూడా తక్కువే.

ఆ గురువారం వెంగళరావు అడిగిన ప్రశ్నకు మాత్రం చిత్రిక మధ్యలోనే ఆగిపోయింది.

"గురువుగారూ, ఎదుటివాడి దుఃఖం మన దారికి అడ్డం పడితే ఏం చెయ్యాలి?"

వెంగళరావు హైస్కూల్లో లెక్కల మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. భార్య శేషారత్నానికి కిడ్నీలు పాడై ఏడాదిన్నర అవుతోంది. మంగళ, గురు, శనివారాలు ఒంగోలు తీసుకెళ్ళి మిషను మీద రక్తం శుద్ధి చేయించాలి. అందుకోసమే ఆయన సెకండ్ హ్యాండులో ఒక కారు కొన్నాడు. దాని మొదటి ఓనరెవరో షోకులరాయుడు. కారు నేలకు అతుక్కుపోయినట్టు కనబడాలని ముందు స్ప్రింగులు కోయించి, బంపరు కింద ఇంకో ప్లాస్టిక్ పట్టీ కూడా బిగించాడు. చూడ్డానికి బాగానే ఉంటుంది. రోడ్డు మీద చిన్న గతుకు తగిలితే చాలు, ముందు భాగం కింద గరగరా గీరుకుపోతుంది. మెకానిక్కు దాన్ని ఎత్తు చేసిపెడతానన్నాడు కానీ, అప్పటికే శేషారత్నం కాళ్ళకు నీరు పట్టి ఆటో కూడా ఎక్కలేకపోతోంది. ఈ కారయితే తలుపు తీసి, మంచం మీద కూర్చున్నట్టు ముందు సీట్లో కూర్చుంటే సరిపోతుంది. "దీన్ని పైకి లేపారంటే నేను కిందే మిగిలిపోతాను" అందావిడ. ఆ మాట తర్వాత మాస్టారు మెకానిక్కు గడప తొక్కలేదు. ఇంటి నుంచి ఒంగోలు దాకా ఉన్న గుంటలూ మిట్టలూ అన్నిటినీ ఎక్కంలాగా బట్టీ పట్టాడు. ఎక్కడ ఓరగా ఎక్కించాలో, ఎక్కడ బ్రేకు మీద కాలు తీసెయ్యాలో ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

ఒక్క చోట మాత్రం ఆ విద్య పారలేదు. అది దొడ్డవరం ఊరి మొగలో ఉన్న మస్తాన్ గట్టు.

మస్తాన్ తాపీమేస్త్రి. రెండేళ్ళ కిందట అతని కూతుర్ని ఇంటి ముందే లారీ గుద్దింది. ఆ పిల్ల మళ్ళీ లేవలేదు. స్పీడ్ బ్రేకరు వెయ్యమని ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు? మూడో రోజున మస్తాన్ తనే రోడ్డుకు అడ్డంగా సిమెంటు గట్టు కట్టాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. రోజూ పని దిగాక గమేళా అడుగున మిగిలిన మాలు, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద, పారెయ్యకుండా ఇంటికి తెస్తాడు. దాన్ని గట్టు మీద వేసి, తాపీతో నున్నగా మెత్తి, అప్పుడు కాళ్ళు కడుక్కుని లోపలికి పోతాడు. అలా రెండేళ్ళలో గట్టు జానెడు పైకి లేచింది. ఊళ్ళో ఎవరూ వద్దనలేదు. ఏ మొహం పెట్టుకుని వద్దంటారు? బస్సులకూ లారీలకూ పెద్ద చక్రాలు కనక అవి మూలుగుతూ ఎక్కి దిగిపోతాయి. ఇబ్బందల్లా మాస్టారి కారుకే.

ఇన్నాళ్ళూ శేషారత్నం అక్కడ దిగి, గట్టుకు అవతల దాకా నడిచి, మళ్ళీ ఎక్కేది. నెలరోజులుగా ఆ నడక కష్టమై, ఇప్పుడు బొత్తిగా కుదరడం లేదు. మొన్న మంగళవారం ఆమెను దించకుండానే మాస్టారు కారు ఎక్కించాడు. ముందు పట్టీ పెళ్ళున ఊడింది. ఆ కుదుపుకు, మిషను కోసం ఆమె మెడ దగ్గర పెట్టిన గొట్టం కదిలి జాకెట్టు రక్తంతో తడిసిపోయింది. ఆసుపత్రిలో ఎలాగో ఆపారు. ఇంటికి వచ్చాక ఆమె మెల్లిగా చెప్పింది. "ఇంక నన్ను తీసుకెళ్ళొద్దండీ. ఆ గట్టు దూరం నుంచి కనబడగానే నా ప్రాణం పోయినంత పనవుతోంది." ఈ గురువారం ఆమె నిజంగానే కదల్లేదు. మిషను మానేస్తే ఆమె ఎన్నాళ్ళు ఉంటుందో డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని రోజులే.

మాస్టారు పంచాయతీకి అర్జీ రాస్తే సర్పంచి చదివి, మడిచి, తిరిగి ఇచ్చేశాడు. అందుకని కారు డిక్కీలో గడ్డపార పెట్టుకున్నాడు. మస్తాన్ పనికి వెళ్ళాక గట్టు పగలగొట్టాలని ఆయన ఉద్దేశం. ఇదంతా కొట్టంలో అందరి ముందూ చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ ఆయనకు తను చేయబోయేది న్యాయంగానే అనిపించింది.

ఆచారిగారు చిత్రిక పక్కన పెట్టారు.

"శనివారం నేనూ వస్తాను. అమ్మాయికి చెప్పు. నన్ను వద్దనదు."

శేషారత్నం వద్దనలేదు. శనివారం ఉదయం గట్టు ముందు కారు ఆగేసరికి మస్తాన్ సైకిలుకు గమేళా తగిలించుకుంటున్నాడు. ఆచారిగారు దిగి డిక్కీ తీయించారు. గడ్డపార బయటికి తీసి నేరుగా మస్తాన్ చేతికే ఇచ్చారు.

"మాస్టారు దీంతో నీ గట్టు కొట్టేద్దామనుకుంటున్నాడు నాయనా. నువ్వు లేనప్పుడు. నువ్వుండగానే అయితే బాగుంటుందని నేను తీసుకొచ్చాను."

వెంగళరావుకు తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పినవాడు, రోడ్డు మీద దొంగలా నిలబడాల్సి వచ్చింది. మస్తాన్ గడ్డపారను చూశాడు, మాస్టారిని చూశాడు. కారులో మెడకు కట్టుతో కూర్చున్న మనిషిని చూశాడు. అప్పుడు శేషారత్నం అద్దం దించింది.

"పాప పేరేంటి నాయనా?"

"రమీజా అమ్మా."

"ఏం చదివేది?"

"రెండు. లెక్కలు బాగా చేసేది."

"మా ఆయన లెక్కల మాస్టరే" అందామె. ఈ రెండేళ్ళలో ఆ పిల్ల పేరు అడిగినవాళ్ళు లేరని మస్తాన్ కళ్ళు చూస్తే తెలిసింది. గట్టును తిట్టుకున్నవాళ్ళూ జాలిపడ్డవాళ్ళూ ఉన్నారు కానీ, పేరుతో ఎవరికీ పని పడలేదు. వెంగళరావు ఏడాదిన్నరగా వారానికి ఆరుసార్లు ఆ గుమ్మం ముందు కారు ఆపాడు, తనకూ పని పడలేదు.

మస్తాన్ గడ్డపారను గోడకు ఆనించాడు. రోడ్డు మీద మోకాళ్ళూని, చెంప నేలకు ఆనేంతగా వంగి, బంపరు కింద చెయ్యి దూర్చి చూశాడు.

"నాలుగు వేళ్ళ సందుంది సార్. దీన్ని కొడితే లాభం లేదు. కొట్టినకాడ గుంటపడి, దాంట్లో ఇంకా తగులుద్ది. ఎత్తు వల్ల కాదు మీకు తగిలేది, నిట్టనిలువుగా ఉండబట్టి. ముందూ యెనకా వాలు కట్టాలి. వాలు పొడుగ్గా ఉంటే యే బండైనా ఎక్కుద్ది."

"మరి గట్టు?" అన్నాడు వెంగళరావు.

"గట్టు గట్టులాగే ఉంటది."

ఆ పూట అతను పనికి పోలేదు. ఇంట్లోంచి కుర్చీ తెచ్చి, తనూ భార్య ఖాసింబీ చెరోపక్కా పట్టుకుని శేషారత్నాన్ని గట్టు దాటించారు. ఖాళీ కారు గీరుకుంటూనే దాటింది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడూ అంతే. ఆ వారమంతా మస్తాన్ రోడ్డు సగం సగం మూసి వాలు పోశాడు, తడిపాడు, ఎండకుండా గోనెలు కప్పాడు. మంగళవారం కుర్చీ మీద, గురువారం కుర్చీ మీద శేషారత్నం దాటింది. ఆమెకు అదొక ముచ్చట అయిపోయింది. "పల్లకీ వచ్చిందా?" అని అడిగేది. మొహంలో కాస్త తేట కనబడి వెంగళరావు ఆశపడ్డాడు. అలా ఆశపడినందుకు తర్వాత తనను తాను చాలా తిట్టుకున్నాడు.

శనివారం ఉదయం కుర్చీ దించుతూ మస్తాన్ చెప్పాడు. "సాయంత్రానికి గట్టిపడుద్దమ్మా. వచ్చేటప్పుడు మీరు దిగే పని లేదు."

ఆ మధ్యాహ్నం మిషను మీద ఉండగానే శేషారత్నం పోయింది.

ఆసుపత్రి వ్యాను ఉందన్నారు. వెంగళరావు ఒప్పుకోలేదు. ఆమె ఎప్పుడూ కూర్చునే ముందు సీట్లోనే కూర్చోబెట్టి, శాలువా కప్పి, బెల్టు పెట్టాడు. కబురు విని వచ్చిన బావమరిది వెనక కూర్చుని ఆమె తల పక్కకు ఒరగకుండా పట్టుకున్నాడు. దొడ్డవరం దగ్గర వెంగళరావు అలవాటుకొద్దీ కారు ఆపి, కుర్చీ కోసం తలుపు తీయబోయాడు. మస్తాన్ ఎదురొచ్చి చెయ్యి ఊపాడు.

"దిగొద్దు సార్. పోనీయండి. తగలదు."

కారు ఎక్కింది, దిగింది. కింద ఎక్కడా చిన్న చప్పుడు కూడా కాలేదు. మస్తాన్ గట్టు పక్కనే నిలబడి, నవ్వుతూ, శేషారత్నం వైపు చెయ్యెత్తాడు. ఆమె ఎందుకు తిరిగి చెయ్యెత్తలేదో అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అద్దంలో వెంగళరావుకు అతను రోడ్డు మధ్య చతికిలబడిపోవడం కనిపించింది. అప్పుడు ఏడుపొచ్చింది ఆయనకు. ఆసుపత్రిలో రాలేదు.

నెల దాటాక ఒక గురువారం వెంగళరావు ఆచారిగారి కొట్టానికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. అందరూ వెళ్ళేదాకా కూర్చున్నాడు. అందరూ వెళ్ళాక ఎవరో నిందించినట్టు తనే మొదలుపెట్టాడు.

"వెనక వీధి హనుమాయమ్మగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది గురువుగారూ. కట్టు మార్పించడానికి ఒంగోలు పోవాలట. ఆటో ఎక్కలేకపోతోంది. నా కారయితే కూర్చోగలదని కోడలు వచ్చి అడిగింది. కుదరదన్నాను. ఆ సీట్లో రత్నం తువ్వాలు ఉంది. ఆమె కూర్చున్నట్టే ఉంది. ఇంకొకరు అక్కడ కూర్చుంటే నేను చూడలేను. రెండోసారీ వచ్చింది, రెండోసారీ పొమ్మన్నాను. నాకున్నదల్లా ఆ సీటే. తప్పా గురువుగారూ?"

ఆచారిగారు చేతిలో ఉన్న తలుపు రెక్క పని పూర్తి చేయలేదు. పక్కకు జరిపి, శిష్యుడి ఎదురుగా వచ్చి గోనెపట్టా మీద కూర్చున్నారు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. శేషారత్నాన్ని ఆయన పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఎరుగుదురు.

"తప్పని నేనెందుకంటాను వెంగళరావూ? కూతురు పడిపోయిన చోట మస్తాన్ గట్టు కట్టాడు. అది మాత్రం తప్పా?"

తర్వాత ఆయన గొంతు తగ్గించి అడిగారు.

"వాలు ఎప్పుడు కడతావు?"