తువ్వాలు మడతలో వడియం

బరువు తగ్గాడు సరే, బలం కూడా తగ్గిపోయింది. ఆ సంగతి యతిరాజుకి తెలుసు. బయటికి చెప్పుకోలేడు. వాడి బాధంతా అదే.

ముందు మా సంగతి చెప్పాలి. మా ఊరి వేణుగోపాలస్వామి గరుడవాహనాన్ని మోసేది ఎనిమిదిమందిమి. మాది ఉద్యోగం కాదు. పెద్దవాళ్ళు మోశారు కాబట్టి మేమూ మోస్తున్నాం. నా పేరు వరదయ్య. మా నాన్న కుడివైపు కర్ర కింద రెండో చోట నలభై రెండేళ్ళు మోశాడు. ఆయన పోయాక ఆ చోటు నాకొచ్చింది. నాకు సరిగ్గా ముందు నిలబడేది యతిరాజు. మా అందరికీ మోత నేర్పిన గురువుగారు పెరుమాళ్ళయ్యగారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. ఇప్పుడాయన మొయ్యరు, దగ్గరుండి మోయిస్తారు.

యతిరాజు ఒకప్పుడు నూట ఇరవై ఎనిమిది కిలోలుండేవాడు. "స్వామి సంగతి తర్వాత, ముందు నిన్ను మొయ్యడానికి ఎనిమిదిమంది కావాలిరా" అని ఏడిపించేవాళ్ళం. వాడూ నవ్వేవాడు. లోపల ఎంత కుమిలేవాడో మాకేం తెలుసు? షుగరు, ఆయాసం, మోకాళ్ళ నొప్పులు. భుజం మాత్రం ఇనుమే. వాడు ముందుంటే వెనకున్నవాడికి బరువే తెలిసేది కాదు.

ఓసారి అక్కగారింటికని విజయవాడ వెళ్ళి, నెల తర్వాత చిక్కిపోయి వచ్చాడు. వచ్చాక కూడా తగ్గుతూనే పోయాడు. ఎనిమిది నెలల్లో నలభై నాలుగు కిలోలు! ఎలారా అంటే, "రాగిజావ, పొద్దున్నే నడక, నోరు కట్టుకోవడం. అంతే వరదన్నా" అన్నాడు. పొద్దున నడిచేవాళ్ళ సంఘంవాళ్ళు పిలిచి శాలువా కప్పారు. పావుగంట ఉపన్యాసం కూడా ఇచ్చాడు మహానుభావుడు. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే. ఆ ఉపన్యాసం విని మూడు నెలలు రాగిజావ తాగాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

అసలు సంగతి వేరే. వాడు విజయవాడలో పొట్ట చిన్నది చేసే ఆపరేషను చేయించుకున్నాడు. ఇదంతా నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. కానీ జరిగింది జరిగినట్టు వరసగా చెబుతాను.

ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రిలో డైటీషియనమ్మ కాగితం రాసిచ్చి మరీ చెప్పిందట. "మీ పొట్టలో ఇప్పుడు నాలుగు ముద్దలకే చోటు. ముందు పప్పు, పెరుగు, పనీరు, గుగ్గిళ్ళు తినండి. చోటు మిగిలితేనే అన్నం. నడక ఒక్కటే చాలదు, కొద్దికొద్దిగా బరువులెత్తాలి. లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది."

వాడు కాగితం మడిచి బీరువాలో పెట్టాడు. ప్రోటీన్ పొడి డబ్బా బల్లమీద ఉంటే చూసినవాళ్ళు ఇదేంటని అడుగుతారని అటకమీద పెట్టెల వెనక దాచాడు. బరువులెత్తితే రాగిజావ కథ తేలిపోతుందని ఆ జోలికే పోలేదు. గుళ్ళో ప్రసాదం దగ్గర పులిహోర వద్దంటే అనుమానమొస్తుందని ముందు అదే తినేవాడు. మూడు ముద్దలకి పొట్ట నిండేది. మిగిలిన శనగల గుగ్గిళ్ళు నా ఆకులోకి జరిపేవాడు. వీడికి నామీద ఎంత ప్రేమో అనుకుని నేను శుభ్రంగా తినేవాణ్ణి. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పొద్దున్నే లేచి బరువు చూసుకునే మిషనెక్కేవాడు. అంకె తగ్గితే ఆరోజు వాడికి పండగే. పోతున్నది కొవ్వో కండో ఆ మిషను చెప్పదు కదా.

వేసంగి ఉత్సవాలకి నెలముందు నుంచి శనివారం శనివారం మేం వాహనమెత్తి ప్రాకారం చుట్టూ తిరుగుతాం. స్వామి ఉండడు, ఆ చోట నాలుగు బియ్యం బస్తాలుంటాయి. దాన్ని మేం ఉత్తమోత అంటాం. ఎత్తేముందు గురువుగారు ఎనిమిది తువ్వాళ్ళూ తన చేత్తో మడతపెట్టి, ఒక్కొక్కరి భుజంమీద తానే వేస్తారు. ఆ మడత ఇంకెవరూ వెయ్యరు. మోతంతా అయ్యాక తువ్వాళ్ళు తీసేదీ ఆయనే.

మొదటి శనివారం పదడుగులు వేసేసరికి యతిరాజుకి కాళ్ళు వణికాయట. పడిపోతానేమోనని భయమేసి భుజం రెండు వేళ్ళంత కిందికి దించాడు. మోసేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియని దొంగతనం అది. చూసేవాళ్ళకి కర్ర భుజానికి ఆనే ఉంటుంది. బరువు మాత్రం పడదు. మరి ఆ బరువు ఎటు పోతుంది? వెనకున్నవాడి మీదికి, అంటే నామీదికి. పైగా ఆరోజు అందరికంటే గట్టిగా "గోవిందా!" అని అరిచింది వాడే.

రెండో శనివారానికి నా భుజం పూరీలా పొంగింది. మా ఆవిడ కాపడం పెడుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికి కాదు. యాభై మూడేళ్ళకే పనికిరాకుండా పోయానని. మా నాన్న అరవై ఐదు దాకా మోశాడు. మర్నాడు గురువుగారింటికి వెళ్ళాను. యతిరాజు అక్కడే అరుగుమీద కూర్చునున్నాడు.

"ఇక నావల్ల కాదండీ. నా చోటు ఎవరికైనా ఇచ్చెయ్యండి" అన్నాను. ఆ మాట అనడానికి నా ప్రాణం పోయినంత పనైంది.

గురువుగారు నా భుజం చూశారు. రెండో భుజం కూడా చూశారు. "ఎన్నాళ్ళైంది?"

"ఉత్తమోత మొదలెట్టినప్పట్నించీ."

ఆయన అరుగువైపు తిరిగారు. "యతిరాజూ, వరదయ్యకి మంచినీళ్ళియ్యి" అన్నారు.

వాడు చెంబు తెచ్చి ఇచ్చాడు. ఎటో చూస్తూ అందించి సగం నీళ్ళు నా చొక్కామీదే పోశాడు. పాపం, నా బాధ చూడలేకపోతున్నాడు అనుకున్నాను.

"నువ్వు ఈ ఉత్సవాలకి విశ్రాంతి తీసుకో. చోటు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు గురువుగారు.

మూడో శనివారం నా బదులు గురువుగారి మేనల్లుడు నిలబడ్డాడు. ఎప్పటిలాగే గురువుగారు తువ్వాళ్ళు మడతపెట్టారు. యతిరాజు తువ్వాలులో మాత్రం, ఎవరూ చూడకుండా, తన భార్య, మా అందరి మామ్మగారు ఎండబెట్టిన బియ్యప్పిండి వడియం ఒకటి పెట్టారు. వేయించనిది. ఆవిడ వడియాలు ఎంత పలచనంటే, వేలితో గట్టిగా నొక్కితే చాలు, పిండే.

ప్రాకారం తిరిగొచ్చి వాహనం దించారు. గురువుగారు అందరి తువ్వాళ్ళూ తీసుకున్నారు. అందరూ వెళ్ళాక యతిరాజుని కూర్చోమని, వాడి తువ్వాలు వాడి ముందే ఒక్కో మడతా విప్పారు.

వడియం పెట్టింది పెట్టినట్టే ఉంది.

యతిరాజు తలెత్తలేదు. ఆపరేషను, దాచిన డబ్బా, గుగ్గిళ్ళు, శాలువా, అన్నీ చెప్పేశాడు. చెబుతూ ఏడ్చాడట.

"మిషను ఎంత చూపిస్తోందిరా?" అడిగారు గురువుగారు.

"ఎనభై నాలుగండీ."

"అందులో కండ ఎంత పోయిందో చూపించిందా?"

"లేదండీ."

"ఆపరేషను చేయించుకోవడం తప్పేం కాదు. జబ్బుకి వైద్యం చేయించుకున్నావు." ఆయన ఆ వడియం తీసి వాడి అరచేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గరుంచుకో."

వాడు దానివైపు చూడలేకపోయాడు. "వరదన్నకి మీరు చెబుతారా?"

"నేనెందుకు చెబుతాను?" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ ఏడు గరుడసేవకి యతిరాజు కర్ర కింద లేడు. వాహనం ఆగినప్పుడు కింద ఆనించే ఊతకర్ర పట్టుకుని పక్కన నడిచాడు. మోకాలు నొప్పేమో అనుకున్నారు జనం. నేను గుడి మెట్ల దగ్గర జనంలో నిలబడి, మా నాన్న చోట ఇంకొకణ్ణి చూస్తూ దణ్ణం పెట్టుకున్నాను. వాడు నన్ను చూసి తల తిప్పేసుకున్నాడు. వీడికి కూడా నేను లోకువైపోయానా అని ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

ఆ తర్వాత వాడు విజయవాడ వెళ్ళి డాక్టరుకి చూపించుకుని, అడగాల్సినవి అడిగొచ్చాడు. వారానికి మూడుసార్లు గురువుగారి పెరట్లో ఇసుక సంచి భుజానికెత్తుకుని నడిచేవాడు. మొదట్లో అయిదు కిలోల సంచి. దాన్ని చూసి వాడికే సిగ్గేసేదట, చిన్నపిల్లలు కూడా ఎత్తేస్తారని. గోడకి చేతులానించి ఒళ్ళు వంచి లేచేవాడు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చునేవాడు. అయ్యాక మామ్మగారు గిన్నెలో గుగ్గిళ్ళు, పెరుగు పెట్టి ఎదురుగా కూర్చునేది. అవి అయ్యాకే అన్నం. అదీ రెండు ముద్దలు. అటకమీది డబ్బా కూడా బల్లమీదికి దిగిందట. కొన్ని వారాలు మిషను అంకె కదల్లేదు. వాడు బెంగపడ్డాడు. గురువుగారు సంచిలో రెండు దోసిళ్ళ ఇసుక ఎక్కువ పోశారు.

వాడు వెళ్ళేటప్పుడు ప్రతిసారీ ఒకటే అడిగేవారు ఆయన. "వరదయ్య ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడండీ" అని, చెప్పులేసుకోవడానికి వంగినవాడు వంగినట్టే వెళ్ళిపోయేవాడు.

ముక్కోటికి పది రోజుల ముందు గురువుగారు నాకు కబురు చేశారు, ఉత్తమోతకి రమ్మని. "నేనెందుకండీ ఇంకా" అన్నాను. "ఒక్కసారి వచ్చి చూడు" అన్నారు. భయంగానే వెళ్ళాను. ఎవరి చోట్లలో వాళ్ళం. నాకు ముందు యతిరాజు. గురువుగారు తువ్వాళ్ళేశారు. ఎత్తాం.

ప్రాకారం చుట్టూ మూడుసార్లు తిరిగాం. దించాక నా భుజం తడుముకుని చూసుకున్నాను. నొప్పి లేదు సరిగదా, ఆయాసం కూడా లేదు. నాకు నవ్వొచ్చింది.

"ఇదేంటండోయ్! ముసలాడు వస్తున్నాడని బస్తాలు తగ్గించారా?"

"బస్తాలు అవే" అన్నారు గురువుగారు.

యతిరాజు తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు. ఎంతసేపటికీ తువ్వాలు మొహంమీంచి తియ్యడు. తీశాక చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా దగ్గరికొచ్చి నా కుడి భుజంమీద చెయ్యేశాడు.

"వరదన్నా, వేసంగిలో నువ్వు మోసింది నా వంతు కూడా. నీ ఒంట్లో బలం తగ్గలేదు, తగ్గింది నాకు. నేను భుజం దించేశాను."

అందరూ వింటున్నారు. ఆపరేషను సంగతీ, శాలువా సంగతీ అన్నీ చెప్పాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. ఆ వడియం నా చేతిలో పెట్టాడు. ఏడు నెలలుగా చెక్కుచెదరకుండా ఉంది.

బొటనవేలితో నొక్కాను. పిండైపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. భుజంమీది తువ్వాలు తీసి నేలకి కొట్టాను. "నాకేదో వయసైపోయిందని ఏడ్చానురా! మా నాన్న చోటు వదులుకుంటానని నా నోటితో నేనే చెప్పాను. నువ్వక్కడే అరుగుమీద కూర్చుని విన్నావు. నాకు మంచినీళ్ళిచ్చావు కదరా!"

"అవునన్నా" అన్నాడు.

ఆ కోపం గురువుగారి మీదికి కూడా తిరిగింది. "మీకు తెలుసు. ఏడు నెలలు! ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?"

"నేను చెప్పేస్తే, అది కూడా వాడు మొయ్యనట్టే కదరా" అన్నారాయన నెమ్మదిగా. "నీకు మాత్రం కష్టమైంది. అది నా తప్పే." పెద్దాయన ఆ మాట అనేసరికి వెళ్ళి నా చోట నిలబడ్డాను.

ఇంకో చుట్టు తిరగాలి. గురువుగారు వంగి నా తువ్వాలు తీసుకున్నారు. దులిపారు. మడతపెట్టలేదు. యతిరాజు చేతికిచ్చారు.

"వరదయ్యది ఇకనుంచి నువ్వు వెయ్యి."

వాడు వేశాడు. ఒక్కో మడతా అరచేత్తో సాపుచేసి, నా భుజంమీద పెట్టి, కర్ర కింద తన చోటుకి వెళ్ళి నిలబడ్డాడు.

ఇప్పటికీ నా తువ్వాలు వాడే మడతపెడతాడు. నేను జోకులేస్తాను, ఏవేవో కబుర్లు చెబుతాను. అన్నిటికీ నవ్వుతాడు. కానీ ఆ మడతలు వేస్తున్నంతసేపూ నా మొహంలోకి చూడడు.