ఎర్రగుడ్డ సాళ్లు

ఇంతవరకూ నోరు తెరిచి ఎవరితోనూ అనని మాట ఇది. మా ఊరి పొలం నుంచి అన్నయ్య పదిహేను రోజులకోసారి బస్సులో వేసి పంపే కూరగాయల సంచిని ఏడాదిగా నేను వండలేదు. మందు కొట్టిన పంట నా నాలుగేళ్ల కూతురు తులసి కంచంలోకి రాకూడదని, ఆర్గానిక్ కొట్లో కొనుక్కొచ్చి వండేదాన్ని. అన్నయ్య సంచి మా ఇంట్లో పనిచేసే సామ్రాజ్యానికి ఇచ్చేసేదాన్ని. ఆమెకీ ఇద్దరు పిల్లలు. "మీ అన్నగారి వంకాయలు వెన్నలా ఉడికాయమ్మా" అని ఆమె మెచ్చుకుంటే, తలూపి లోపలికి వెళ్లిపోయేదాన్ని.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఆ తర్వాతదంతా దొరికిన కాగితమల్లా చదివి పోగేసుకున్నదే. అందుకే ఏ సంగతీ నా తలలో కుదురుగా కూర్చోదు. ఆదివారాలు కృష్ణ ఒడ్డున ఉండే వర్ధనమ్మ గారి దగ్గరికి వెళ్లేది ఆ కుదురు కోసమే. ఆవిడ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. చెప్పులు వేసుకుని, నడుద్దాం పద, అంటారు.

ఆ పుష్యమాసపు ఉదయం నేను అడిగింది సగమే. "అమ్మగారూ, పాపకి మందుల్లేనివే కొని పెట్టాలా, అన్నయ్య పంపినవి పెట్టాలా?" సంచి సామ్రాజ్యానికి ఇచ్చేస్తున్న ఊసెత్తలేదు. ఆవిడ చెప్పులు వేసుకున్నారు.

ఏటి నడుమ లంకలోకి కాలిబాట పట్టాం. నీళ్లు ఎక్కడ ఆగాయో ఇసుక ఎక్కడ మొదలైందో తెలియనంత మంచు. నా చేతివేళ్లు నాకే ఎవరివో అన్నట్టు కనిపించాయి. ముందు దగ్గు వినపడింది, తర్వాత మనిషి వచ్చాడు. కోటిలింగం, ఒకప్పుడు ఆవిడ చేత బెత్తం దెబ్బలు తిన్న రైతు. పద్యం అప్పజెప్పమంటారేమోనని ఇప్పటికీ భయమేనన్నాడు నాతో. అతని వెనక, వంగతోటలో, ఆ తెల్లదనం మధ్య ఎర్రటి మరకలు గాలిలో తేలుతున్నాయి. దగ్గరికి వెళితే, సాళ్ల మొదట్లో పాతిన కర్రలకు కట్టిన గుడ్డపీలికలు.

అవెందుకని అడిగాను. మందు కొట్టిన సాళ్లకి గుర్తు అన్నాడు. ఇంట్లోవాళ్లు తెలియక కూరకి కోసేస్తారేమోనని కడతాడట. పదిరోజులు గడిచాక విప్పేస్తాడట. బజారుకి కూడా అప్పుడే కోస్తారా అంటే తల అడ్డంగా ఊపాడు. కొనేవాడి బండి వచ్చిన రోజే కోత, గుడ్డ ఉన్నా లేకపోయినా. ఆపితే కాయ ముదిరిపోతుంది.

నాకు ఒళ్లు మండింది. తినేవాళ్లకి పిల్లలుండరా అని అడిగేశాను.

అతను కోపం తెచ్చుకోలేదు. "ఉంటారమ్మా. నాకు కనపడరు కదా," అన్నాడు. "కనపడితే ఎట్టా ఇస్తాను?"

నాకు కనపడతారు. సామ్రాజ్యం చిన్న కూతురు మా తులసి పాత గౌను వేసుకుని, మా గుమ్మంలోనే కూర్చుని పలక మీద అఆలు దిద్దుకుంటుంది.

కోటిలింగం గుడ్డ కట్టని వైపు నుంచి నాలుగు కాయలు కోసి ఆవిడ కొంగులో పోశాడు. పుచ్చులుంటాయి మాస్టరమ్మా, చూసి తరుక్కోండి, అని మళ్లీ మంచులో కలిసిపోయాడు. తిరుగుదారిలో నేను దాచిన సగం కూడా ఆవిడకు చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు, ఓదార్చలేదు. ఉండబట్టలేక, మరి నేనేం చేయాలో చెప్పండి అన్నాను.

"మీ అన్నయ్యకి నువ్వు ఇల్లా, బజారా?" అన్నారు ఆవిడ. "అది నన్నడిగితే ఏం తెలుస్తుందమ్మా?"

ఆర్గానిక్ కొట్టువాళ్ల పొట్లం మీది ఆకుబొమ్మని నమ్మిన నేను, తోడబుట్టినవాణ్ణి ఒక్కమాట అడగలేదు. ఇంటి సాళ్లవే అంటే, ఏడాదిపాటు అతని ప్రేమను గుమ్మం దాటించాను. బజారు సాళ్లవే అంటే, సామ్రాజ్యం ముందు ఎలా నిలబడాలి? ఏ జవాబు వచ్చినా నాకు తలవంపే. అయినా, గట్టు ఎక్కుతూ, అన్నయ్యకి ఫోన్ చేయాలని నిశ్చయించుకున్నాను.