బూడిదగాడికి గడప వెతికిన సుంకులమ్మ

అనగనగా అనే మాటకు ఇంకా పళ్లు కూడా రాని కాలం. కొండకింద మూడు ఊళ్లుండేవి. ఆ మూడు ఊళ్లకూ పొరకలు అమ్మే ముసలమ్మ ఒకతె ఉండేది. పేరు సుంకులమ్మ. ఈతాకు కోసి, ఎండబెట్టి, చీల్చి, ఇల్లూడ్చే పొరకలు కట్టేది. మోపు నెత్తిన పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగేది. అందరి ఇళ్లూ ఆమె పొరకతోనే శుభ్రం. ఆమెకు మాత్రం ఊడ్చుకునేందుకు ఇల్లు లేదు. కొండవాలున ఒక రాతిసందులో పడుకునేది.

ఒకనాడు పాడుబడ్డ బావిలోంచి మూలుగు వినబడింది. తొంగి చూస్తే బూడిదరంగు కుక్క. ఎవరో కొట్టి పడేశారు. ఆ వయసులో సుంకులమ్మ బావిలోకి దిగింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి. కుక్కను కొంగులో కట్టుకొని పైకెక్కింది. గట్టున దాన్ని దింపి, మోపు నెత్తికెత్తుకుంది. కుక్క గభాలున దూరం జరిగింది.

ఆనాటి నుంచి రెండేళ్లు అంతే. ముందు సుంకులమ్మ, పది అడుగులు వెనక బూడిదగాడు. పిలిస్తే రాడు, పొమ్మంటే పోడు. అన్నం పెడితే గోడకు వీపు ఆనించి, మనిషినే చూస్తూ తింటాడు.

"పిరికి కుక్కను సాకుతున్నావే అవ్వా" అని ఊళ్లో నవ్వేవాళ్లు.

పిరికి! ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. తల్లి కడుపులోంచి ఎవరూ పిరికిగా పుట్టరు. కొట్టినవాడు ఒకడుంటాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనరు. దెబ్బ తిన్నదానికే పేరు పెడతారు.

మూడో ఏడు సుంకులమ్మకు దగ్గు పట్టుకుంది. దగ్గితే నెత్తురు పడింది.

"నేను పోతే వీణ్ణి మళ్లీ ఏ బావిలోనో వేస్తారు. కళ్లు మూసేలోగా వీడికొక గడప చూడాలి" అనుకుంది.

మొదట చేనుకావలికి కుక్క కావాలన్న ఒక రైతు ఇంటికి పోయింది. ఉత్త చేతులతో ఎట్లా పోవడం? మంచి పొరక ఒకటి కట్టి కానుకగా ఇచ్చింది. మూడోనాడు రైతే కబురు పెట్టాడు. "గడ్డివామిలో దూరినవాడు ఇంతవరకు రాలేదవ్వా. దొంగ వస్తే తన పక్కన దొంగకు కూడా చోటు చూపించేటట్టున్నాడు. తోలుకపో."

తోలుకొచ్చింది. ముందు సుంకులమ్మ, పది అడుగులు వెనక బూడిదగాడు.

రెండోసారి గానుగాడించే చెన్నమ్మ ఇంటికి. ఈసారి ఇంకా మంచి పొరక కట్టి ఇచ్చింది. మూడోనాడు మోపుతోనే చూడబోయింది.

"నీ బిడ్డ గానుగ కింద నుంచి రాడే అవ్వా! నేను ఊడ్చుకోవద్దా?" అంటూ చెన్నమ్మ కొత్త పొరక అందుకుంది. సర్రున ఒక్కసారి ఊడ్చింది.

గానుగ కింద బూడిదగాడు నేలకు కరుచుకుపోయాడు. కళ్లు మూసుకున్నాడు. ఉచ్చ పోసుకున్నాడు.

సుంకులమ్మ ఉన్నచోటే కూలబడింది. "పొరకతో కొట్టినారే వీణ్ణి! గడప గడపకూ ఆ దెబ్బనే నేను చేతికిచ్చి వస్తున్నానే!"

బూడిదగాణ్ణి పిలుచుకొని లేచింది.

"అవ్వా, మోపు మరిచిపోయినావు" అంది చెన్నమ్మ.

"మరువలేదు తల్లీ. పొయ్యిలో పెట్టుకో."

బుద్ధెరిగాక మొదటిసారి ఉత్త చేతులతో, ఉత్త నెత్తితో మూడో ఊరి దారి పట్టింది. కొంత దూరం పోయాక కాలికి వెచ్చగా ఏదో తగిలింది. బూడిదగాడు. మడమ పక్కనే నడుస్తున్నాడు. రెండేళ్లుగా వాడు భయపడింది ఆమె నెత్తిమీది మోపుకు.

దారిలో ముసలమ్మ మూడుసార్లు కూర్చుంది. మూడుసార్లూ వాడు ఆనుకొని కూర్చున్నాడు. వెనక్కి తిరిగి రాతిసందుకే పోదామా అనిపించింది. దగ్గు వచ్చింది. కొంగున నెత్తురు చూసుకుంది. లేచి ముందుకే నడిచింది.

మూడో ఊళ్లో మగ్గం నేసే ఓబులేసు, అతని భార్య రంగమ్మ ఉన్నారు.

"వీణ్ణి మీ ఇంట ఉంచుకోండి నాయనా. కానుక ఏమీ తేలేదు. ఒక్కటే అడుగుతా. మూడు దినాలు మీ ఇంట పొరక కనబడనీయొద్దు."

రంగమ్మ బుగ్గన వేలేసుకుంది. "పొరకలమ్మే నువ్వా ఈ మాట? ఊడ్వని ఇంట లక్ష్మి ఉంటుందా?"

"లక్ష్మి మూడు దినాలు ఓర్చుకుంటుందమ్మా. వీడు ఓర్చుకోలేడు."

ఓబులేసు నవ్వలేదు. "పాత గుడ్డతో తుడుద్దాంలే. మగ్గం ఇంట గుడ్డకు కరువా?"

మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంట ఉంటుంది. మొదటిరోజు బూడిదగాడు అందులో దూరాడు. వాడి పక్కనే కాళ్లు పెట్టుకొని ఓబులేసు నేశాడు. రెండోరోజు తల బయటపెట్టాడు. మూడోరోజు రంగమ్మ సంకటి పెట్టింది. వాడు గోడ వదిలి వచ్చాడు. మనుషులకు వీపు పెట్టి, తల గిన్నెలో ముంచి తిన్నాడు.

మూడు దినాలూ ఎదురింటి అరుగుమీదే ఉన్న సుంకులమ్మ అది చూసింది. "వీపు పెట్టి తిన్నాడు. ఇక భయం లేదు" అంది. అక్కడే ఒరిగింది. మళ్లీ లేవలేదు.

ఓబులేసు మగ్గం మీది బట్ట కోసి కప్పాడు. బూడిదగాడు పాడెను ఆనుకొని నడిచాడు. మట్టి వేశాక కాసేపు నిలబడ్డాడు. ఆ తరువాత, ఎవరూ పిలవకుండానే, రంగమ్మ వెంట ఇంటికి పోయాడు.

ఇప్పటికీ ఆ మూడు ఊళ్లలో కొత్త కుక్క వచ్చినా, కొత్త కోడలు వచ్చినా, దిక్కులేని బిడ్డ వచ్చినా, మూడు దినాలు పొరక దాచేస్తారు. పాత గుడ్డతో తుడుచుకుంటారు. వాటిని సుంకులమ్మ దినాలంటారు. నాలుగోనాడు ఇరుగమ్మ వచ్చి ఒక్కటే అడుగుతుంది: "వీపు పెట్టి తినిందా?"

తినిందంటే పొరక బయటికి తీస్తారు. లేదంటే ఇంకో మూడు దినాలు. ఇల్లు మురికైతే కడుక్కోవచ్చులే అంటారు.