గురుతు చెట్టుకి ఆకలేసింది

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. మొగుడు ఎల్లాజీ పడవ మీద వేటకి పోయేవాడు. నూకాలు వలలు బాగుచేసేది. వాళ్ళ ఇంటి ముందు పొడుగాటి సీమచింత చెట్టు. నడిసముద్రంలో ఉన్నవాళ్ళకి ఇళ్ళు కనపడవు కదమ్మా, ఆ చెట్టు తలే వాళ్ళకి గురుతు. దాన్ని చూసుకునే పడవలు ఒడ్డుకొచ్చేవి.

ఆ చెట్టు బెరడు ఉడకబెడితే ఎర్రటి కషాయం వస్తుంది. అందులో ముంచితే వల ఉప్పునీళ్ళకి చివకదు. నూకాలు అత్త బతికున్నన్నాళ్ళూ ఏటా ఒక్క పక్కనే కాస్త బెరడు తీసేది. ఆవిడ పోయాక ఎల్లాజీ పెద్ద వల తెచ్చాడు. అప్పుడు నూకాలు ఏం చేసిందీ, చెట్టు నడుం చుట్టూ జానెడు మేర బెరడంతా ఒలిచేసింది.

చెట్టుకేమీ కాలేదు. ఆకు పచ్చగానే ఉంది. కాయలైతే ఎన్నడూ లేనంత తీపి! "మా అత్త ఒట్టి బద్ధకస్తురాలు" అని నవ్వుకుంది నూకాలు.

ఆ తర్వాత ఒక గాలివానకి చెట్టు మొదలంటా ఊగింది. నూకాలు తవ్వి చూస్తే సగం వేళ్ళు ఎండి పుల్లలైపోయాయి. చెట్టు పడిపోతే ఎల్లాజీ ఇంటికెలా వస్తాడు?

అప్పుడు బిందెలకొద్దీ నీళ్ళు పోసింది. లాభం లేదు. ఆ తర్వాత పేడ ఎరువు వేసింది. ఊహూఁ. ఆ తర్వాత అమ్మవారికి మొక్కి పసుపుతాడు కట్టింది. అమ్మవారు కూడా పలకలేదు.

"ఏటిది? నీల్లు పైకెక్కతన్నాయి, లేపోతే ఆకు వాడిపోను. కాయ తియ్యగుంది. మరి వేరెందుకు ఎండతంది?" అని తల పట్టుకుంది. ఇరుగుపొరుగుని అడిగితే తలో మాటా చెప్పి, ఉన్న మతి కూడా పోగొట్టారు.

పాపం, చెట్టుకి ఆనుకుని కూలబడింది. అప్పుడు భుజం మీద చీమలు పాకాయి. అన్నీ బెరడు ఒలిచిన గాటు పై అంచుకే పోతున్నాయి. అక్కడ బెరడు ఉబ్బి ఉంది. కింది అంచున ఒక్క చీమ లేదు. నూకాలు పైన వేలద్ది నాకింది. తీపి! కింద అద్ది నాకింది. చప్పన.

"ఓలమ్మో!" అంది.

వేరు నీళ్ళు మోసే మనిషి, ఆకు వంటమనిషి. నీళ్ళు లోపలి కర్రలోంచి పైకెక్కుతాయి. ఆకు వండిన తీపి బెరడులోంచి కిందికి దిగుతుంది. ఆ దారినే నూకాలు ఒలిచేసింది! నీళ్ళు మోయించుకుని అన్నం పెట్టనట్టయింది. నూకాలుకి ఏడుపొచ్చింది.

ఏడిస్తే వేరు కడుపు నిండుతుందా? తెగిన వలని కలపడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. అప్పుడు ఆ చెట్టువే లేత కొమ్మలు కోసింది. ఒక కొస గాటు పైన, ఒక కొస కింద బెరడులోకి దూర్చి, వలతాడుతో బిగించి, బంకమట్టి మెత్తింది. కొన్ని ఎండిపోయాయి. కొన్ని అతుక్కున్నాయి.

మరుసటేడు కొత్త వేళ్ళు దిగాయి. ఎల్లాజీ చెట్టు తల చూసుకుని ఒడ్డుకొచ్చి, ఒక కాయ నోట్లో వేసుకున్నాడు.

"ఏటే, ఈ ఏడు తీపి తగ్గింది?"

"తగ్గదా మరి! వేరు తిన్నాకే మనకి" అంది నూకాలు, అత్తని తలుచుకుని.

నీళ్ళేమో కొమ్మకి, తీపేమో వేరుకి,
కథేమో కంచికి, నువ్వేమో నిద్రకి!