రిఫ్రెష్ లేని కంప్యూటరు

ధవళేశ్వరంలో వేదాంతం చెప్పే నరహరి శాస్త్రులుగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే ఆయన దగ్గర బద్ధకస్తులకు సందేహాలు తక్కువ.

కామేశానికి మాత్రం సందేహం తప్పలేదు. అతను పూర్వం రాజమండ్రిలో ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. అరిస్తే లేచి నిలబడటం, తిడితే చేతులు కట్టుకోవడం, అదీ ఆ ఉద్యోగం. ప్రాణం విసిగి, అది వదిలేసి శాస్త్రులుగారి దగ్గర చేరాడు. ఏడాది గడిచింది. ఒకరోజు పొద్దున్నే సంచీ సర్దుకుని వచ్చి ఆయన ముందు కూర్చున్నాడు.

"వదిలేశాననుకున్నానండి. కానీ వీధిలో ఎవరు గట్టిగా అరిచినా నాకు తెలియకుండానే లేచి నిలబడుతున్నాను. ఇంక నేను వదిలిందేమిటి?" అని అడిగాడు. మారని మనిషి ఇక్కడ ఉండి లాభం లేదని, పాత యజమాని మళ్లీ రమ్మంటున్నాడని, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతానని కూడా చెప్పాడు. వెళ్లడం అతనికి బొత్తిగా ఇష్టం లేదు.

శాస్త్రులుగారు అలవాటు ప్రకారం పనే చెప్పారు. వెళ్లేలోపు కంప్యూటరు సంగతి చూసి పొమ్మన్నారు.

ఆయన చెప్పే వ్యాఖ్యానాన్ని ఆ కంప్యూటరులో టైపు చేసేది కామేశమే. అందులోని సిస్టం, అంటే యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేరు, డబ్బిచ్చి కొన్నది. అది పాతబడిందని, కొత్తది కొనుక్కోమని, కొత్తదానికి ఈ యంత్రం చాలదు కాబట్టి యంత్రాన్నే మార్చుకోమని రోజూ తెర మీద హెచ్చరిస్తోంది. శాస్త్రులుగారి దగ్గర పాఠం వినే పాలిటెక్నిక్ లెక్చరరు పద్మజ, ఎవరైనా ఊరికే వాడుకోగల లినక్స్ అనే సిస్టంను పెన్‌డ్రైవులో తెచ్చింది. ఇద్దరూ కూర్చుని, వ్యాఖ్యానాన్ని ముందు వేరేచోట దాచి, పాత సిస్టంను పూర్తిగా తుడిచేసి కొత్తది ఎక్కించారు. వ్యాఖ్యానం ఒక్క అక్షరం చెదరకుండా తెరుచుకుంది.

పద్మజ లేచి కామేశానికి కుర్చీ ఇచ్చింది. అతను ఖాళీ తెర మీద మౌసు కుడి మీట నొక్కి చూశాడు. మళ్లీ నొక్కాడు. ముఖం వాడిపోయింది. నేరుగా గురువుగారి ముందుకు వచ్చి కూలబడి, ఇది పనికొచ్చేలా లేదు, పాతదే పెట్టించేద్దాం అన్నాడు.

"ఏమిటి లోపం?"

"ఇందులో రిఫ్రెష్ లేదండి."

మన ఊళ్లలో కంప్యూటరు నేర్చుకున్నవాళ్లకి ఈ బాధ తెలుస్తుంది. స్విచ్చి వేయగానే, దేవుడి గదిలో గంట కొట్టినట్టు, తెర మీద నాలుగైదుసార్లు రిఫ్రెష్ కొట్టనిదే మనం ఏ పనీ మొదలుపెట్టం. అది కొడితే ఏమవుతుందని శాస్త్రులుగారు అడిగారు. కామేశం ఏమవుతుందో తనకు తెలియదని ఒప్పుకున్నాడు. ఇన్‌స్టిట్యూట్‌లో సారు కొట్టేవారు కాబట్టి అందరూ కొట్టేవాళ్లట. వెనకాలే వచ్చిన పద్మజ, మార్చిన కొత్తలో తానూ దానికోసం వెతికేదాన్నని, ఇప్పటికీ అప్పుడప్పుడు వేలు అటే పోతుందని నవ్వుతూ చెప్పింది.

"పాతది లోపల ఎక్కడైనా మిగిలిందామ్మా?" అని శాస్త్రులుగారు ఆమెను అడిగారు. మచ్చుకైనా లేదంది.

ఆయన తలాడించారు. ఉన్నట్టుండి, ఇల్లు దద్దరిల్లేలా "కామేశం!" అని కేకేశారు.

కామేశం చటుక్కున లేచి చేతులు కట్టుకున్నాడు. మరుక్షణం ఆ చేతులవైపు తానే చూసుకున్నాడు. సిగ్గు ముంచుకొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్సు వేళవుతోంది, సంచీ గుమ్మం పక్కనే ఉంది.

"కూర్చో నాయనా," అన్నారు శాస్త్రులుగారు. "యంత్రం ఒక పూటలో మారింది. వేలికి ఇంకాస్త గడువివ్వు."